జింకల కోసం మొక్కజొన్న వేసే ముందు

(మిస్సోరి రాష్ట్రంలో పొలమో అడవి తునకో కొనుక్కున్న తెలుగువారి సమావేశంలో ఒక వ్యవసాయ శాస్త్రవేత్త చేసిన ప్రసంగానికి ఇది అక్షర రూపం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. మొదట ఒక ప్రశ్న అడుగుతాను. మీలో ఎంతమంది ఇళ్ళలో, మన ఊళ్ళలో, మొక్కజొన్న పండించేవారు? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. నిజామాబాద్, కరీంనగర్ వైపువారు ఎత్తుతారని ముందే అనుకున్నాను. గుంటూరు వైపు వరి కోసిన మాగాణిలో దుక్కి లేకుండా మొక్కజొన్న వేసిన ఇళ్ళవారు కూడా ఉన్నారన్నమాట. మంచిది, నాకు సగం పని తగ్గింది.

మరి మన ఊళ్ళలో కంకి పాలు పోసుకునే వేళకు రైతు ఏం చేస్తాడు? చేలో మంచె కట్టుకుంటాడు. రాత్రి డబ్బా కొడుతూ, టార్చిలైటు వేస్తూ, అడవిపందులు పడకుండా కాపలా కాస్తాడు. ఇక్కడ మీరు చేయదలచుకున్నది అందుకు పూర్తిగా తలకిందులైన పని. జంతువు రావాలనే పంట వేస్తారు. అది వచ్చాక కూర్చోవడానికి ఇక్కడా చెట్టు మీద ఒక మంచె లాంటిదే కట్టుకుంటారు. పని తలకిందులైంది గాని పంట మాత్రం అదే. ఈ మాట గుర్తుంచుకోండి, ఎందుకంటే నేను ఈ రోజు చెప్పదలచుకున్నదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. మేత చేనుగా వేసిన మొక్కజొన్నను కూడా పంటగా పండించాలి. పంటగా పండించే ఓపిక, స్థలం లేనివారు మొక్కజొన్న జోలికి పోకుండా వేరే మేత వేసుకోవడం మంచిది.

వేట సంగతి వినగానే కొందరి ముఖాలు ముడుచుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది. సహజమే. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జింకను వేటాడడం నేరం. మనం ఆ చట్టం నీడలో పెరిగాం. ఈ రాష్ట్రం చరిత్ర వేరు. 1925 నాటికి మిస్సోరి మొత్తంలో మిగిలిన తెల్లతోక జింకలు నాలుగు వందలలోపేనని ఇక్కడి లెక్క. అమ్మకం కోసం, అదుపు లేకుండా చంపడం వల్ల వచ్చిన గతి అది. ఆ తరువాత వేటకు కాలం, లైసెన్సు, పరిమితి పెట్టారు. జింకలను వేరే చోట్ల నుంచి తెచ్చి వదిలారు. 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం వచ్చి, తుపాకులు, తూటాల మీద వసూలైన పన్ను రాష్ట్రాలలో వన్యప్రాణుల పనికే వెళ్ళేట్టు చేసింది. ఇప్పుడు ఈ రాష్ట్రంలో ఒక్క ఏడాదిలో వేటగాళ్ళు తీసుకునే జింకలే మూడు లక్షల దరిదాపులో ఉంటున్నాయి. తోడేళ్ళు లేని ఈ నేల మీద వేట ఆగితే జింకల సంఖ్య ఎటు పోతుందో, వాటి వల్ల రోడ్ల మీద ఎన్ని కార్లు నుజ్జవుతాయో మీరే ఊహించుకోవచ్చు. వేటాడతారా, లేదా అన్నది మీ ఇష్టం. వేటాడకుండా, కేవలం జంతువులు చూడడానికి చేను వేసేవారూ ఉన్నారు. వారికి కూడా నేను చెప్పే సేద్యం అంతా వర్తిస్తుంది.

జింకకు మొక్కజొన్న ఎప్పుడు కావాలి?

ఇప్పుడు అసలు విషయం. మొక్కజొన్న గింజలో ఏముంది? నూటికి 70 వంతులు పిండి పదార్థం. మాంసకృత్తులు 8 నుంచి 10 వంతులు, అంతే. మగ జింకకు వేసవిలో కొమ్ములు పెరిగేటప్పుడు, తల్లి జింక పిల్లకు పాలిచ్చేటప్పుడు కావలసిన మాంసకృత్తులు ఇంతకు చాలా ఎక్కువ. ఆ కాలంలో వాటికి సోయా ఆకు, క్లోవర్ అనే పచ్చిమేత, అడవిలోని లేత చిగుళ్ళు కావాలి. కాబట్టి మొక్కజొన్న వేస్తే కొమ్ములు పెద్దవవుతాయని ఎవరైనా విత్తన సంచి మీది బొమ్మ చూపించి చెబితే నమ్మకండి. మొక్కజొన్న కొమ్ముల కోసం తినే మేత కాదు. చలిని తట్టుకోవడానికి తినే మేత.

మరి ఆ చలికాలం ఎప్పుడు? ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు. సెప్టెంబరులో విల్లంబుల వేట మొదలవుతుంది, కంకులు ఎండి నిలబడి ఉంటాయి, ఇక జింకలు బారులు తీరతాయని ఎదురు చూస్తారు. రావు. ఎందుకు రావు? సెప్టెంబరు చివర, అక్టోబరులో తెల్ల ఓక్ చెట్ల కాయలు రాలతాయి. వాటిలో వగరు తక్కువ. జింకకు వాటి మీద ఉన్న మోజు మరి దేని మీదా లేదు. ఓక్ కాయలు బాగా కాసిన సంవత్సరం జింక అడవి దాటి బయటకు రావడమే తగ్గిపోతుంది. మీ మొక్కజొన్న పక్కనే ఉన్నా చూడనట్టే వెళ్ళిపోతుంది. అప్పుడు మీరు నిరాశ పడనవసరం లేదు. నవంబరులో జతకట్టే కాలం వస్తుంది. ఆ కొద్ది వారాలలో మగ జింక తిండి మానేసి తిరిగి తిరిగి తన బరువులో అయిదో వంతు దాకా పోగొట్టుకుంటుంది. ఆ తరువాత డిసెంబరు వస్తుంది. చుట్టుపక్కల రైతులు కోతలు ముగించి ఉంటారు, ఓక్ కాయలు అయిపోయి ఉంటాయి, మంచు పడి క్లోవర్ కప్పబడి ఉంటుంది. ఆ రోజున, మంచుకు పైన, నిలబడి ఉన్న కంకి ఒక్కటే జింకకు అందుతుంది. మీ చేను విలువ ఆ రోజున తెలుస్తుంది. డిసెంబరు, జనవరి నెలలకు కంకి మిగిల్చుకున్నవాడి చేనే మొక్కజొన్న మేత చేను. అక్టోబరుకే ఖాళీ అయిన దాన్ని చేను అనను. ఎరువుల ఖర్చు అంటాను.

అయితే మిగిలేట్టు చేయడం ఎలా? ఇది కేవలం విస్తీర్ణం లెక్క. కాగితం మీద వేసుకుందాం. ఎకరాకు 80 బుషెళ్ళు పండిందనుకుందాం. ఇది వ్యాపార పంటలో తక్కువ దిగుబడి, మేత చేనుకు మంచి దిగుబడి. ఒలిచిన మొక్కజొన్న బుషెలుకు 56 పౌన్లు. అంటే ఎకరాకు సుమారు 4,480 పౌన్లు, మన లెక్కలో ఇరవై క్వింటాళ్ళు. మీ చుట్టుపక్కల ఇరవై జింకలు తిరుగుతున్నాయనుకోండి. ఒక్కోటి మిగతా మేతతో పాటు రోజుకు మూడు పౌన్ల గింజ తింటే రోజుకు 60 పౌన్లు. ఎకరం పంట 75 రోజులలోపు అయిపోతుంది. ఇది రకూన్లు, ఉడతలు, కాకులు ఏమీ ముట్టుకోలేదని అనుకుంటేనే. అరెకరం వేసినవాడి సంగతి మీరే చెప్పండి. అందుకే నా సలహా, రెండెకరాలకు తక్కువైతే మొక్కజొన్న వద్దు. మూడెకరాలు ఉంటే ధైర్యంగా వేయండి. పావెకరం తోటలో వేసి, అది పోయిందని నాకు ఫోన్ చేసేవారు ఉన్నారు. పావెకరంలో క్లోవర్ వేయండి, ఎంత మేసినా మళ్ళీ చిగురిస్తుంది. మొక్కజొన్న కంకి ఒక్కసారి పోతే మళ్ళీ రాదు కదా.

సేద్యం

ఇక సేద్యానికి వద్దాం. భూసార పరీక్ష సంగతి చివర చెబుతాను, దానికి ఒక కారణం ఉంది. ముందు విత్తడం.

నేల వేడి 50 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే పది సెల్సియస్ దాటి నిలకడగా ఉన్నప్పుడు విత్తాలి. మన దగ్గర ఏ నెలలోనైనా నేల వెచ్చగానే ఉంటుంది కాబట్టి ఇది మనకు కొత్త ఆలోచన. ఇక్కడ చల్లటి తడి నేలలో పడిన గింజ మొలవకుండా కుళ్ళిపోతుంది. ఉత్తర మిస్సోరిలో ఏప్రిల్ చివరి వారం నుంచి మే మధ్య దాకా మంచి అదను. మీలో చాలామంది పొలాలు ఈశాన్య భాగంలో ఉన్నాయి. అక్కడి నేల అడుగున గట్టి బంకమట్టి పొర ఒకటి ఉంటుంది. ఆ పొర వల్ల వసంతంలో నీరు దిగక ట్రాక్టరు కూరుకుపోతుంది, జూలైలో అదే నేల వానలు లేక బీటలు వారుతుంది. ఒకే నేల, రెండు నెలల తేడాలో రెండు కష్టాలు. తడిలో తొందరపడి దున్నితే గడ్డలు లేచి ఏడాదంతా బాధపడతారు. చేతిలో పిసికితే ముద్ద కాకుండా పొడిగా రాలే దాకా ఆగండి.

లోతు అంగుళంన్నర నుంచి రెండు అంగుళాలు. మరీ పైపైన వేస్తే కాకులు ఏరుకుంటాయి, వేళ్ళు సరిగా దిగక గాలికి పడిపోతుంది. సాలుకు సాలుకు మధ్య 30 అంగుళాలు ఇక్కడి వాడుక, ఎందుకంటే యంత్రాలన్నీ ఆ కొలతకే ఉంటాయి. ఎకరాకు ఎన్ని మొక్కలు? మన దగ్గర 60 సెంటీమీటర్లకు 20 సెంటీమీటర్లు పెడితే ఎకరాకు 33 వేల పైచిలుకు వస్తాయి. ఇక్కడి వ్యాపార రైతులు కూడా ముప్పై వేలు దాటే వేస్తారు. మేత చేనుకు అంత వద్దు. 24 వేల నుంచి 28 వేల దాకా చాలు. 28 వేలంటే సాలులో మొక్కకు మొక్కకు ఏడున్నర అంగుళాల దూరం పడుతుంది. ఎందుకు తగ్గించమంటున్నాను? మీ చేను అడవి అంచున ఉంటుంది, సగం రోజు నీడ పడుతుంది, చెట్ల వేళ్ళు తడిని లాగేస్తాయి. పక్కనున్న రైతు వేసినంత ఎరువు మీరు వేయరు. తక్కువ మొక్కలు ఉంటే ప్రతి మొక్కకూ ఒక నిండు కంకి వస్తుంది. ఎక్కువ మొక్కలు వేస్తే కరువు వచ్చిన జూలైలో ఏ మొక్కకూ కంకి రాదు, కంకి లేని గొడ్డు మొక్కలు మిగులుతాయి.

జూలై ఎందుకు అంత ముఖ్యం? పీచు వచ్చే సమయం అది. కంకిలోని ఒక్కో గింజకు ఒక్కో పీచు ఉంటుంది. మొక్క కొసన వచ్చే మగ పూత (జల్లు) నుంచి పుప్పొడి వచ్చి ఆ పీచు మీద పడితేనే ఆ గింజ కడుతుంది. తేమ లేక పీచు ఎండిపోతే కంకి ఉంటుంది, అందులో గింజలు ఉండవు. మే నెలాఖరు దాకా ఆలస్యం చేసి విత్తినవారి పీచు నడి ఎండల్లో పడే ప్రమాదం ఎక్కువ. రకం ఎంచుకునేటప్పుడు 100 నుంచి 110 రోజులలో పక్వానికి వచ్చేది తీసుకోండి. కాండం బలంగా నిలబడే రకం అడగండి, ఎందుకంటే మీకు ఇది జనవరి దాకా నిలబడి ఉండాలి. వ్యాపార రైతుకు అక్టోబరు దాకా నిలబడితే చాలు, మీకు చాలదు. విత్తన దుకాణంలో అందరూ దిగుబడి గురించి చెబుతారు. మీరు మాత్రం కాండం బలం గురించి అడగండి.

విత్తన సంచిలో 80 వేల గింజలు ఉంటాయి, దాదాపు మూడెకరాలకు సరిపోతుంది. ధర మాత్రం గట్టిగానే ఉంటుంది. నిరుటి విత్తనం మిగిలి ఉంటే డీలర్లు తక్కువకు ఇస్తారు. తీసుకోవచ్చు, కానీ వంద గింజలు తడి గుడ్డలో చుట్టి వెచ్చటి చోట ఉంచి ఎన్ని మొలిచాయో చూసుకుని విత్తండి. మన అమ్మమ్మలు చేసిన పరీక్షే అది. ఒక హెచ్చరిక. ఆ గింజలకు పట్టించిన రంగు మందు విషం. విత్తేటప్పుడు చేను మూలల్లో ఒలికితే మట్టి కప్పండి, పక్షులు తింటాయి.

ఎరువు దగ్గర మనవాళ్ళు రెండు రకాలు. కొందరు అడవి జంతువుకు ఎరువెందుకని అసలు వేయరు. కొందరు ఊరి అలవాటు కొద్దీ యూరియా సంచులు దించుతారు. మేత చేనుకు ఎకరాకు 120 పౌన్ల నత్రజని లెక్క వేసుకోండి. యూరియాలో 46 శాతం నత్రజని, కాబట్టి సుమారు 260 పౌన్ల యూరియా. అందులో మూడో వంతు విత్తేటప్పుడు, మిగతాది మొక్క మోకాలెత్తు అయినప్పుడు పైపాటుగా వేయండి. వాన ముందు వేయండి. ఎండలో పైన చల్లిన యూరియా గాలిలో కలిసిపోతుంది, మీ డబ్బూ దానితోనే పోతుంది. ముందు రెండు మూడేళ్ళు క్లోవర్ ఉన్న నేలైతే ఇందులో కొంత భాగం ఆ నేలే ఇస్తుంది. అందుకే ఒకే చోట ఏటా మొక్కజొన్న వేయకండి. మొక్కజొన్న మీద మొక్కజొన్న వేస్తే వేరుపురుగు స్థిరపడుతుంది, నత్రజని ఖర్చు పెరుగుతుంది. ఒక ఏడు మొక్కజొన్న, ఒక ఏడు సోయా లేదా క్లోవర్.

కలుపు గురించి ఎక్కువ చెప్పను, మీకు తెలుసు. మొదటి అయిదారు వారాలు చేను శుభ్రంగా ఉంచితే తరువాత మొక్క నీడే కలుపును అణచివేస్తుంది. గ్లైఫోసేట్ అనే కలుపు మందును తట్టుకునే విత్తనం వేసినవారికి పని సులువు. అట్రజిన్ వాడదామని ఎవరైనా చెబితే రెండు సంగతులు గుర్తుంచుకోండి. అది లైసెన్సు ఉన్నవారికే అమ్మే మందు. పైగా దాని శేషం నేలలో మిగిలి, అదే ఏడు ఆకురాలు కాలంలో మీరు క్లోవరో ముల్లంగో చల్లితే మొలకను చంపేస్తుంది.

ఇక రకూన్. మన ఊళ్ళో లేని జంతువు కాబట్టి మనవాళ్ళు దీన్ని తక్కువ అంచనా వేస్తారు. చూడడానికి ముద్దుగా ఉంటుంది, ముఖానికి ముసుగు వేసుకున్నట్టు. కంకి పాలు పోసుకునే రోజుల్లో, జూలై చివరలో, రాత్రికి రాత్రి గుంపుగా వచ్చి, కాండం ఎక్కి, విరిచి కింద పడేసి, ఒక్కో కంకి రెండు కొరుకులు కొరికి ఇంకోదానికి పోతుంది. జింక కంటే ఎక్కువ నష్టం చేసేది చిన్న చేలలో ఇదే. నేలకు ఆరు అంగుళాల ఎత్తున ఒక తీగ, పన్నెండు అంగుళాల ఎత్తున ఇంకో తీగ, విద్యుత్ కంచె కట్టండి. పీచు రాకముందే కట్టాలి. రుచి మరిగాక కడితే లాభం లేదు. తీగల కింద గడ్డి కోస్తూ ఉండాలి, గడ్డి తగిలితే కరెంటు నేలలోకి పోతుంది. గింజ గట్టిపడ్డాక కంచె తీసేయండి.

వేటకు చేను ఎలా అమర్చాలి

వేటగాడికి మొక్కజొన్నతో ఉన్న ఇబ్బంది ఏమిటో తెలుసా? జింక చేలో ఉంటుంది, మీకు కనిపించదు. ఎనిమిది అడుగుల పంట లోపల నిలబడి కడుపు నిండా తిని, చీకటి పడ్డాక వచ్చిన దారినే వెళ్ళిపోతుంది. మీరు చెట్టు మీద గంటలు గంటలు కూర్చుని ఆకుల చప్పుడు వింటారు. అందుకే మొక్కజొన్న ఒక్కటే వేయకండి. మూడెకరాలలో రెండెకరాలు మొక్కజొన్న వేసి, అడవికి దానికి మధ్య ఇరవై, ముప్పై గజాల వెడల్పున క్లోవర్ లేదా చలిగోధుమ పట్టీ వేయండి. జింక గింజ తిన్నాక పచ్చిక కోసం బయటకు వస్తుంది. పచ్చిక మీదికి వచ్చినప్పుడే మీకు స్పష్టంగా కనిపిస్తుంది. అది మగదా ఆడదా, దాని వెనుక ఇంకోటి ఉందా, ఇల్లో రోడ్డో ఉందా అని చూసుకునే అవకాశం కూడా అప్పుడే ఉంటుంది. సరిగా కనిపించని దాన్ని చూసి ట్రిగ్గరు మీద వేలు పెట్టకూడదని ఇంకా వివరించి చెప్పాలా?

మొక్కజొన్నకు ఇంకో ఉపయోగం ఉంది, నా దృష్టిలో గింజ అంత విలువైనది. అది గోడ. మీరు కారు దిగి మంచె దాకా నడిచే దారికి పక్కన నాలుగైదు సాళ్ళు నిలబెడితే జింకలకు కనిపించకుండా వెళ్ళవచ్చు. ఇక గాలి. చలిగాలి దిగినప్పుడు ఇక్కడ ఎక్కువగా వాయవ్యం నుంచి వీస్తుంది. కాబట్టి మంచె చేనుకు ఆగ్నేయ మూల ఉండాలి, మీరు నడిచి వచ్చే దారి కూడా అటు వైపు నుంచే రావాలి. మంచి చేను ఉండి, రాకపోకల దారి తప్పుగా ఉంటే, మూడు సాయంత్రాలకే జింకలు పగటిపూట రావడం మానేస్తాయి. చేను అందంగా ఉంటుంది, రాత్రి అంతా జింకలే, కెమెరాలో బొమ్మలే బొమ్మలు. పగలు మాత్రం ఒక్కటీ రాదు. మేత ఎంత ఉన్నా భయపెట్టిన చోటికి జంతువు వెలుగులో రాదు.

చట్టం

ఇప్పుడు చెప్పేది దయచేసి జాగ్రత్తగా వినండి. మొక్కజొన్న పండించి అక్కడే నిలబెట్టి దాని పక్కన వేటాడడం ఒకటి. అదే మొక్కజొన్న సంచిలో కొని తెచ్చి నేల మీద పోసి వేటాడడం మరొకటి. గింజ అదే, జింక అదే, చట్టం మాత్రం వేరు. మిస్సోరిలో రెండోది నేరం. అంతేకాదు, పోసిన గింజ పూర్తిగా ఎత్తివేశాక కూడా పది రోజుల పాటు ఆ చోటు ఎర వేసిన చోటుగానే లెక్క. మీ చేలో పండిన కంకులే కోసి తెచ్చి మళ్ళీ పరిచినా అదే తప్పు. పక్కనున్న ఇల్లినాయిలో, పైనున్న అయోవాలో కూడా జింకకు ఎర వేయడం నిషేధం. టెక్సాసులోని మీ బంధువు యంత్రంతో రోజూ గింజ చల్లిస్తాడు. అక్కడ సొంత భూమిలో అది చట్టబద్ధమే. అతని మాట విని ఇక్కడ చేయకండి. నియమాల పుస్తకం ఏటా మారుతుంది, ఏటా చదవాలి.

బాతుల వేట మీద ఆసక్తి ఉన్నవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వలస పక్షుల విషయం కేంద్ర చట్టం కిందకు వస్తుంది, 1918 నాటి చట్టం అది. నిలబడి ఉన్న మొక్కజొన్నలోకి నీరు పెట్టి బాతులను వేటాడవచ్చు. కానీ ఆ పంటను కోసుకోకుండా యంత్రంతో తొక్కించి, గింజ కింద రాలేట్టు చేసి బాతుల మీద కాల్చడం నేరం. విచిత్రం ఏమిటంటే గువ్వల విషయంలో అదే పని చేయవచ్చు. ఒకే చేను, ఒకే తొక్కుడు, గువ్వకు సరే, బాతుకు కాదు. తెలియదన్న సాకు కూడా అంత తేలిగ్గా చెల్లదు. మామూలు మనిషి చూసి తెలుసుకోగలిగింది మీకూ తెలియవలసిందేనని చట్టం అంటుంది.

గింజ పోయడాన్ని ఎందుకు ఇంత పట్టుకుంటారు? కేవలం వేటలో న్యాయం కోసమేనా? కాదు. జింకలను క్రుంగదీసే ఒక జబ్బు ఉంది, క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అంటారు. 1967లో కొలరాడోలో మొదట గుర్తించారు. దానికి మూలం సూక్ష్మజీవి కాదు, ప్రియాన్ అనే వికృతమైన ప్రోటీను. లాలాజలంలో, మూత్రంలో బయటకు వచ్చి మట్టిలో ఏళ్ళ తరబడి ఉంటుంది. మందు లేదు, టీకా లేదు, సోకిన జింక చావక తప్పదు. ఒకే కుప్ప దగ్గర ముప్పై జింకలు మూతులు పెడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? రెండెకరాలలో పరుచుకుని ఉన్న పంటలో జింకలు చెదిరి మేస్తాయి. అందుకే మిస్సోరిలో జబ్బు ఉన్న మండలాలలో మేత పోయడాన్ని నిషేధించిన రోజుల్లో కూడా పంట వేయడాన్ని నిషేధించలేదు. మనుషులకు ఈ జబ్బు సోకినట్టు ఇంతవరకు దాఖలా లేదు; అయినా జబ్బు ఉన్న ప్రాంతంలో దొరికిన జింకను పరీక్ష చేయించుకునే తినమని ఆరోగ్య శాఖ చెబుతుంది. అలాగే చేయండి.

ఇంకో కారణం జింక కడుపులోనే ఉంది. అది నెమరు వేసే జంతువు. చలికాలంలో పుల్లలు, మొగ్గలు తిని బతికే జింక ముందు ఒక్కసారిగా గింజ కుప్ప పోస్తే కడుపులో పులుపు పెరిగి, నిండు కడుపుతోనే చచ్చిపోతుంది. మన గేదె ధాన్యం గాదెలో పడితే ఏమవుతుందో మీలో చూసినవారు ఉంటారు. నిలబడిన పంటలో ఆ ప్రమాదం తక్కువ. కంకి వచ్చిన నాటి నుంచి కొద్దికొద్దిగా అలవాటు పడుతుంది. కుప్పలో తడిసి బూజు పట్టిన గింజ మరీ చెడ్డది. ఆ బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ టర్కీ కోళ్ళకు, కౌజులకు విషం. మన కోళ్ళ రైతులకు ఈ పేరు కొత్త కాదు.

తుపాకి సంగతి ఒక్క మాట. ఈ గదిలో హెచ్-1బి మీద ఉన్నవారు ఉన్నారు. వలసేతర వీసా మీద ఉన్నవారి దగ్గర తుపాకి ఉండడాన్ని కేంద్ర చట్టం సాధారణంగా ఒప్పుకోదు. చెల్లుబాటు అయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి ఒక మినహాయింపు ఉంది. స్నేహితుడి తుపాకి చేతిలో పట్టుకున్నా ఈ చట్టం వర్తిస్తుంది. కాబట్టి లైసెన్సు తీసుకోకుండా, న్యాయవాదిని అడగకుండా ముట్టుకోకండి. వీసా మీద ఉన్నవారు విల్లంబులతో మొదలుపెట్టడం తేలిక. ఇక 1967 జనవరి 1న గాని ఆ తరువాత గాని పుట్టినవారు తుపాకి వేట పర్మిట్ కొనాలంటే సాధారణంగా ముందు వేట భద్రతా శిక్షణ పూర్తి చేయాలి. దీన్ని లాంఛనంగా చూడకండి. మనలో చాలామందికి తుపాకి ఎలా దించిపెట్టాలో కూడా తెలియదు.

ఇక భూసార పరీక్ష. దీన్ని చివరికి ఎందుకు ఉంచానంటే, మీరు ఇంటికి వెళ్ళగానే చేయవలసిన పని ఇదొక్కటే. మిగతావన్నీ ఏప్రిల్ సంగతులు. మొక్కజొన్నకు నేల ఉదజని సూచిక (pH) 6 నుంచి 6.8 మధ్య ఉండాలి. అడవి అంచున ఏళ్ళ తరబడి పడి ఉన్న నేల చాలాసార్లు పుల్లగా ఉంటుంది. ఆ నేలలో ఎంత ఎరువు వేసినా భాస్వరం మొక్కకు అందదు. సున్నం వేయాలి. సున్నం మాత్రం యూరియాలా వారంలో పని చేయదు, నేలలో కరిగి మార్పు తేవడానికి ఆరు నెలలైనా పడుతుంది. మే నెలలో విత్తాలంటే ఇప్పుడే, నేల గడ్డకట్టక ముందే, సున్నం పడాలి. చేనులో పదిహేను చోట్ల ఆరేడు అంగుళాల లోతు నుంచి మట్టి తీసి, కలిపి, ఒక గిన్నెడు ఆరబెట్టి మీ కౌంటీలోని మిస్సోరి విశ్వవిద్యాలయ ఎక్స్‌టెన్షన్ కార్యాలయానికి ఇవ్వండి. కాగితం మీద పంట పేరు అడుగుతారు. మేత చేను మొక్కజొన్న అని రాయండి, ఆ దిగుబడికి తగ్గ లెక్కే వేసి ఇస్తారు. ఫలితం వచ్చాక అర్థం కాకపోతే ఆ కాగితం నాకు పంపండి, కలిసి చూద్దాం. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.